జంషెడ్‌పూర్ నుంచి లోక్‌సభకు ఇద్దరు మహిళలు: మొదటి మెట్టు లేని రాజకీయం

2007 మార్చి 4. హోలీ సంబరాల వేళ. ఝార్ఖండ్‌లోని ఘాట్‌శిలా సమీపంలో ఒక గ్రామ మైదానంలో ఫుట్‌బాల్ పోటీ జరుగుతోంది. ముఖ్య అతిథిగా వచ్చిన జంషెడ్‌పూర్ లోక్‌సభ సభ్యుడు, ఝార్ఖండ్ ముక్తి మోర్చా ప్రధాన కార్యదర్శి సునీల్ మహతోను సాయుధులు కాల్చి చంపారు. ఇది మావోయిస్టుల పనేనన్న ఆరోపణలు వెల్లువెత్తాయి. దర్యాప్తు సీబీఐ చేతికి వెళ్లింది. కొద్ది నెలల్లోనే వచ్చిన ఉప ఎన్నికలో ఆయన భార్య సుమన్ మహతో పోటీ చేసి గెలిచారు. భర్త ప్రాతినిధ్యం వహించిన స్థానానికే ఆమె లోక్‌సభలో ప్రతినిధి అయ్యారు.

జంషెడ్‌పూర్ ఎన్నికల చరిత్రలో లోక్‌సభకు వెళ్లిన మహిళలు ఇద్దరే. సుమన్ మహతో రెండో వారు. మొదటి వారు 1998, 1999 ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీ తరఫున గెలిచిన ఆభా మహతో. ఆమె భర్త శైలేంద్ర మహతో కూడా అదే స్థానం నుంచి రెండుసార్లు ఎంపీ. ఇద్దరు మహిళల ప్రస్థానంలోనూ రెండు పోలికలు కనిపిస్తాయి. ఇద్దరికీ రాజకీయ ద్వారం భర్త ఇంటి నుంచే తెరుచుకుంది. ఇద్దరికీ ఆ ద్వారం నేరుగా లోక్‌సభలోకే తెరుచుకుంది. 2009 తర్వాత ఈ స్థానం నుంచి మహిళలెవరూ గెలవలేదు.

భర్తల వారసత్వంగా మహిళలు రాజకీయాల్లోకి రావడం దేశంలో కొత్తేమీ కాదు. తెలుగు రాష్ట్రాల్లోనూ ఉదాహరణలకు కొదవ లేదు. అయితే అలా వచ్చినవారిలో కొందరు దశాబ్దాల పాటు నిలదొక్కుకోగా, మరికొందరు ఒకటి రెండు ఎన్నికలతోనే తెరమరుగవుతున్నారు. ఈ తేడాకు వ్యక్తుల సమర్థతనో, సానుభూతి పవనాలనో కారణంగా చూపడం పరిపాటి. జంషెడ్‌పూర్ అనుభవం మరో కారణాన్ని ముందుకు తెస్తోంది. నాయకత్వం మొదటి అడుగు వేయడానికి ఆ ఊరిలో మెట్టు ఉందా, లేదా అన్నదే ఆ ప్రశ్న.

ఉక్కు నగరం, పల్లె ఓటరు

1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైన నాటి నుంచి జంషెడ్‌పూర్ వలస కార్మికుల నగరం. సాక్చి అనే పల్లెకు, జంషెట్జీ టాటా స్మృత్యర్థం 1919లో నాటి వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఈ పేరు పెట్టారు. బిహారీలు, బెంగాలీలు, ఒడియాలు, పంజాబీలతో పాటు ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల తెలుగు కుటుంబాలు కూడా తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లో తెలుగువారు నెలకొల్పిన రామమందిరం ఆ వలస చరిత్రకు నిలువెత్తు గుర్తు.

లోక్‌సభ నియోజకవర్గం మాత్రం నగరంతో ముగిసిపోదు. జంషెడ్‌పూర్ తూర్పు, పశ్చిమ శాసనసభ స్థానాలతో పాటు జుగ్‌సలాయి, పోట్కా, ఘాట్‌శిలా, బహరాగోడా ఇందులో ఉన్నాయి. కర్మాగారం గేటు నుంచి పశ్చిమ బెంగాల్, ఒడిశా సరిహద్దు అడవుల దాకా దీని విస్తీర్ణం. నగర ఓటరు, ఆదివాసీ ఓటరు, కుడ్మీ మహతో సామాజిక వర్గ ఓటరు కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తారు. ఆభా, సుమన్ ఇద్దరూ కుడ్మీ మహతో కుటుంబాలకు చెందినవారు కావడం కాకతాళీయం కాదు. నగరంలో బలం ఉన్న పార్టీకి పల్లెల్లో పట్టు ఉన్న కుటుంబం అవసరం. ఆ అవసరమే పార్టీలను మహతో కుటుంబాల గడపకు నడిపించింది.

పీవీ నాటి ఓటు, ఆభా నాటి గెలుపు

ఆభా మహతో రాజకీయ ప్రవేశాన్ని అర్థం చేసుకోవాలంటే 1993 జులై 28 నాటి లోక్‌సభకు వెళ్లాలి. మైనారిటీ ప్రభుత్వాన్ని నడుపుతున్న తెలుగు ప్రధాని పీవీ నరసింహారావుపై ప్రతిపక్షం ప్రవేశపెట్టిన అవిశ్వాస తీర్మానం ఆ రోజు ఓటింగ్‌కు వచ్చింది. అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు పడ్డాయి. ప్రభుత్వం గట్టెక్కింది. ఆ గట్టెక్కడంలో ఝార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీల ఓట్లు కీలకమయ్యాయి. వాటి కోసం డబ్బు చేతులు మారిందన్న ఆరోపణలు అనంతరం కేసుగా మారాయి. శిబూ సోరెన్, సూరజ్ మండల్, సైమన్ మరాండీలతో పాటు ఆ ఆరోపణలు ఎదుర్కొన్న నాలుగో ఎంపీ జంషెడ్‌పూర్‌కు ప్రాతినిధ్యం వహిస్తున్న శైలేంద్ర మహతో. తర్వాత ఆయన అప్రూవర్‌గా మారారు.

ఈ కేసు దేశ న్యాయచరిత్రలో పెద్ద అధ్యాయమైంది. సభలో వేసిన ఓటుకు సంబంధించి లంచం తీసుకున్న సభ్యులకు రాజ్యాంగ రక్షణ ఉంటుందని 1998 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2000లో ప్రత్యేక కోర్టు పీవీని దోషిగా తేల్చగా, 2002లో దిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. అప్రూవర్ సాక్ష్యం నమ్మదగినది కాదని హైకోర్టు అభిప్రాయపడింది. 1998 నాటి రాజ్యాంగ రక్షణ సూత్రాన్ని 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. ఆ తీర్పుకు దారితీసిన వ్యాజ్యం వేసింది శిబూ సోరెన్ పెద్ద కోడలు, నాటి జేఎంఎం శాసనసభ్యురాలు సీతా సోరెన్.

ఈ నేపథ్యంలో మోర్చాకు దూరమైన శైలేంద్ర మహతో భాజపాకు దగ్గరయ్యారు. 1996లో ఈ స్థానాన్ని భాజపా తరఫున గెలిచింది దూరదర్శన్ 'మహాభారత్' ధారావాహికలో శ్రీకృష్ణుడి పాత్రతో దేశమంతటికీ పరిచయమైన నితీశ్ భరద్వాజ్. 1998లో ఆ పార్టీ ఆభా మహతోను నిలబెట్టింది. ఆ ఎన్నికను దేశం ఆసక్తిగా చూడటానికి కారణం ఆమె కాదు, ఆమె ప్రత్యర్థి. టాటా స్టీల్‌కు దాదాపు దశాబ్దకాలం ఛైర్మన్‌గా వ్యవహరించి, 1993లో సంస్థ నుంచి నిష్క్రమించిన రూసీ మోదీ స్వతంత్ర అభ్యర్థిగా రంగంలోకి దిగారు. కార్మికుల భుజాల మీద చేతులు వేసి మాట్లాడే యజమానిగా ఆయనకు నగరంలో పేరుంది. ఉక్కు సామ్రాజ్యాన్ని నడిపిన వ్యక్తి ఒకవైపు, దేశానికి అంతగా తెలియని గృహిణి మరోవైపు. గెలిచింది గృహిణే.

ఆ ఫలితంలో రెండు పాఠాలు ఉన్నాయి. కర్మాగారంపై పట్టు ఉన్నంత మాత్రాన నియోజకవర్గంపై పట్టు ఉన్నట్లు కాదన్నది మొదటిది. మహిళా అభ్యర్థి అయితే నెగ్గడం కష్టమన్న పార్టీల లెక్క తప్పన్నది రెండోది. 1957 నుంచి 1996 వరకు జంషెడ్‌పూర్ ఓటరు మహిళను లోక్‌సభకు పంపలేదు. నిజానికి ప్రధాన పార్టీల టికెట్లు దక్కేది కార్మిక సంఘ నేతలకో, స్థానిక పురుష నాయకులకో. అవకాశం ఇచ్చిన తొలిసారే ఓటరు ఆమోదముద్ర వేశాడు. ఏడాదికే లోక్‌సభ రద్దయి 1999లో మళ్లీ ఎన్నికలు వస్తే మరోసారి ఆభానే గెలిపించాడు.

ఆమె సభ్యురాలిగా ఉన్న పదమూడో లోక్‌సభే 2000 ఆగస్టు 2న బిహార్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆమోదించింది. అదే ఏడాది నవంబరు 15న ఝార్ఖండ్ రాష్ట్రం అవతరించింది. భర్త ఉద్యమకారుడిగా నినదించిన రాష్ట్రం, భార్య పార్లమెంటు సభ్యురాలిగా ఉండగా వాస్తవ రూపం దాల్చింది. అయినా ఆ కాలపు చరిత్రలో ఆమె పేరు అరుదుగానే వినిపిస్తుంది. 2004లో మోర్చా అభ్యర్థి సునీల్ మహతో చేతిలో ఆమె ఓడిపోయారు. ఆ తర్వాత 2009లో భాజపా ఆ స్థానాన్ని మాజీ ముఖ్యమంత్రి అర్జున్ ముండాకు అప్పగించింది. రెండుసార్లు గెలిచిన మహిళ స్థానంలో పార్టీకి మరింత పెద్ద నాయకుడు కావలసివచ్చాడు.

సుమన్ మహతో: శోకం నుంచి సభకు

సునీల్ మహతో హత్యతో మోర్చా కీలక నేతను కోల్పోయింది. జంషెడ్‌పూర్‌కు, ఆ పార్టీకి ఇలాంటి గాయం కొత్త కాదు. 1987 ఆగస్టు 8న మోర్చా అధ్యక్షుడు నిర్మల్ మహతో ఇదే నగరంలోని బిష్టుపూర్‌లో హత్యకు గురయ్యారు. ఆయన స్మృతి నేటికీ ఆ పార్టీకి బలం. ఇరవై ఏళ్ల తర్వాత అదే నేలపై మరో మహతో నేత నేలకొరిగినప్పుడు, పార్టీ ఆయన భార్యను అభ్యర్థిగా ప్రకటించింది. ఉప ఎన్నికలో సుమన్ విజయం పార్టీకి ఊరటనిచ్చింది.

ఆమె పార్లమెంటు జీవితం రెండేళ్లలోపే. కానీ ఆ కొద్దికాలంలోనే ఆమె ఉన్న పార్టీ మళ్లీ ఒక ప్రభుత్వ భవితవ్యానికి తూకపురాయి అయింది. అణు ఒప్పందంపై వామపక్షాలు మద్దతు ఉపసంహరించడంతో 2008 జులై 22న మన్మోహన్ సింగ్ ప్రభుత్వం విశ్వాస పరీక్షను ఎదుర్కొంది. 275 ఓట్లతో ప్రభుత్వం నెగ్గింది. వ్యతిరేకంగా 256 ఓట్లు వచ్చాయి. లోక్‌సభలో మోర్చా బలం అప్పట్లో ఐదుగురు. ఆ ఐదుగురిలో సుమన్ ఒకరు. పార్టీ మద్దతు ప్రభుత్వానికి అక్కరకొచ్చింది. ఆ తర్వాతి నెలలోనే శిబూ సోరెన్ ఝార్ఖండ్ ముఖ్యమంత్రి పీఠం ఎక్కారు. 1993లో పీవీ కాలంలోనూ, 2008లో మన్మోహన్ కాలంలోనూ దిల్లీ గద్దె మొగ్గులో జంషెడ్‌పూర్ ఓటు ఉంది. మొదటిసారి ఆ ఓటు వేసిన ఎంపీ భార్య తర్వాత ఎంపీ అయ్యారు. రెండోసారి హత్యకు గురైన ఎంపీ భార్యే ఆ స్థానంలో ఉన్నారు.

ఇలాంటి సందర్భాల్లో దిల్లీ బేరసారాలు పార్టీ అధినాయకత్వం చేతిలో ఉంటాయి. తొలిసారి సభలో అడుగుపెట్టిన సభ్యురాలికి మిగిలేది పార్టీ ఆదేశాన్ని పాటించడమే. నియోజకవర్గంలో సొంత అనుచరగణాన్ని నిర్మించుకోవడానికి కావలసిన వ్యవధి ఆమెకు చిక్కలేదు. 2009 సార్వత్రిక ఎన్నికల్లో అర్జున్ ముండాతో తలపడిన సుమన్ లక్షకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. రెండేళ్ల క్రితం నాటి సానుభూతి అప్పటికే కరిగిపోయింది. ముండా ముఖ్యమంత్రి కావడంతో 2011లో జరిగిన ఉప ఎన్నికలో జంషెడ్‌పూర్ మాజీ ఎస్పీ అజయ్ కుమార్ గెలిచారు. 2014 నుంచి వరుసగా మూడు ఎన్నికల్లో భాజపా అభ్యర్థి విద్యుత్ వరణ్ మహతోదే విజయం.

నిలిచినవారు ఎలా నిలిచారు?

సుమన్ కథ తెలుగు పాఠకులకు వెంటనే మరో పేరును గుర్తుకు తెస్తుంది. 2005 జనవరి 24న అనంతపురంలో తెలుగుదేశం నేత పరిటాల రవి హత్యకు గురయ్యారు. కొద్ది నెలల్లో పెనుకొండ ఉప ఎన్నికలో ఆయన భార్య సునీత గెలిచారు. అక్కడి నుంచి ఆమె దారి వేరు. 2009, 2014 ఎన్నికల్లో రాప్తాడు నుంచి విజయం సాధించారు. రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్ మంత్రిగా పనిచేశారు. 2024లో మళ్లీ రాప్తాడు నుంచే శాసనసభకు వచ్చారు. తెలంగాణలో సబితా ఇంద్రారెడ్డిది ఇలాంటి ప్రస్థానమే. 2000లో రోడ్డు ప్రమాదంలో భర్త ఇంద్రారెడ్డి మరణించగా చేవెళ్ల ఉప ఎన్నికలో గెలిచారు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు తొలి మహిళా హోంమంత్రి అయ్యారు.

ఝార్ఖండ్‌లోనూ నిలదొక్కుకున్నవారు ఉన్నారు. కోడర్మాలో 1998లో భర్త రమేశ్ యాదవ్ మరణానంతరం ఉప ఎన్నికలో గెలిచిన అన్నపూర్ణా దేవి నేడు కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రి. జంషెడ్‌పూర్‌కు పొరుగునే ఉన్న సింహభూమ్ ఎంపీ జోబా మాఝీ భర్త దేవేంద్ర మాఝీ ఝార్ఖండ్ ఉద్యమ నేత. ఆయన 1994లో హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాదే మనోహర్‌పూర్ నుంచి శాసనసభకు ఎన్నికైన జోబా పలుమార్లు గెలిచి, మంత్రిగా పనిచేసి, 2024లో లోక్‌సభలో అడుగుపెట్టారు. 2024లో ఝార్ఖండ్‌లోని 14 స్థానాల నుంచి గెలిచిన మహిళలు ఈ ఇద్దరే. ఇద్దరిదీ భర్తను కోల్పోయాక మొదలైన రాజకీయ జీవితమే. నిర్మల్ మహతో సోదరుడు, మాజీ ఉప ముఖ్యమంత్రి సుధీర్ మహతో 2014లో మరణించారు. ఆయన భార్య సబితా మహతో 2019, 2024 ఎన్నికల్లో ఈచాగఢ్ నుంచి శాసనసభకు గెలిచారు.

సునీత, సబిత, అన్నపూర్ణ, జోబా, ఈచాగఢ్ సబిత... పార్టీలు వేరు, ప్రాంతాలు వేరు. వీరందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. అందరూ శాసనసభ స్థానంతో మొదలుపెట్టారు. శాసనసభ నియోజకవర్గంలో ఊరూరూ తిరగడం సాధ్యం. పింఛను అందని వృద్ధురాలు, రేషన్ కార్డు లేని కుటుంబం, పట్టా కోసం తిరిగే రైతు నేరుగా ఇంటి ముందుకు వస్తారు. వారి పని చేసిపెట్టే కొద్దీ భర్త పేరుతో వచ్చిన ఓటు క్రమంగా సొంత ఓటుగా మారుతుంది. లోక్‌సభ స్థానం అలా కాదు. ఓటర్లు పది లక్షలకు పైమాటే. ఎంపీ సగం కాలం దిల్లీలో గడపాలి. స్థానిక పనులు శాసనసభ్యుల చేతుల్లో ఉంటాయి. ఆభా, సుమన్‌ల విజయ ప్రస్థానం ఈ పెద్ద మెట్టుపైనే మొదలైంది. కాలు జారితే ఆసరాకు కింద మరో మెట్టు లేకపోయింది.

పురపాలక సంఘం లేని మహానగరం

అసలు జంషెడ్‌పూర్‌లో ఆ కింది మెట్టు ఎక్కడుంది? దేశంలోని ఇతర నగరాల్లో సాధారణ మహిళకు రాజకీయాల్లో తొలి అవకాశం వార్డు ఎన్నికలే. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థల్లో మూడింట ఒక వంతు స్థానాలను మహిళలకు కేటాయించింది. అనేక రాష్ట్రాలు దాన్ని సగానికి పెంచాయి. 2021లో విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్ మేయర్ పీఠాలను మహిళలే అధిష్ఠించారు. వారిలో రాజకీయ కుటుంబాల వారు ఉండవచ్చు. కానీ వారి వెనుక వార్డుల్లో గెలిచిన వందల మంది మహిళల్లో చాలామందికి పెద్ద ఇంటిపేరు లేదు.

2011 జనగణన ప్రకారం 13 లక్షలకు పైగా జనాభా ఉన్న జంషెడ్‌పూర్ పట్టణ ప్రాంతంలో, టాటా స్టీల్ లీజు భూముల చుట్టూ పెరిగిన ప్రధాన నగరానికి ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. ప్రభుత్వ అధికారుల ఆధ్వర్యంలోని నోటిఫైడ్ ఏరియా కమిటీ ఒకవైపు, నీరు, విద్యుత్తు, రహదారుల వంటి సేవలు అందించే టాటా అనుబంధ సంస్థ మరోవైపు నగరాన్ని నడుపుతున్నాయి. పొరుగునున్న మాన్‌గో, జుగ్‌సలాయి, ఆదిత్యపూర్‌లలో పురపాలక సంస్థలు ఉన్నా ప్రధాన నగరంలో వార్డు లేదు, కౌన్సిలర్ లేరు, మేయర్ లేరు.

ఈ ఏర్పాటును సమర్థించేవారి వాదన తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. కుళాయి తిప్పితే నీరు వస్తుంది, చెత్త సమయానికి కదులుతుంది, వీధులు శుభ్రంగా ఉంటాయి. పక్కనున్న పట్టణాల తీరు చూసిన నగరవాసుల్లో చాలామంది పురపాలక సంఘం వస్తే ఇవన్నీ దెబ్బతింటాయని భయపడతారు. మరోవైపు, పన్ను కట్టే పౌరుడికి తన వీధి గురించి నిర్ణయించే హక్కు ఉండాలన్న వాదన సుప్రీంకోర్టు గడప దాకా వెళ్లింది. రాజ్యాంగంలోని 243క్యూ అధికరణ పారిశ్రామిక పట్టణాలకు మినహాయింపునిస్తోంది. పరిశ్రమే పౌర సేవలు అందిస్తున్న చోట పురపాలక సంఘం ఏర్పాటు తప్పనిసరి కాదు. 2023 డిసెంబరులో ఝార్ఖండ్ మంత్రివర్గం ఈ నిబంధన కిందే జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక పట్టణంగా మార్చే ప్రతిపాదనను ఆమోదించింది.

ఈ చర్చ అంతా నీరు, పన్నులు, లీజు భూముల చుట్టూనే తిరుగుతోంది. మహిళా నాయకత్వానికి దీనితో ఉన్న సంబంధాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. పురపాలక సంఘం లేకపోతే దానితో వచ్చే మహిళా రిజర్వేషన్ కూడా లేనట్లే. మూడు దశాబ్దాలుగా ఈ నగరంలో ఒక తరం మహిళలు కౌన్సిలర్లు కాకుండానే, వార్డు సమస్యపై అధికారులను నిలదీసే అనుభవం సంపాదించకుండానే గడిచిపోయింది. మెట్టు వేస్తే ఎక్కేవారు లేరా అంటే, అదే నగరంలోని కర్మాగారం సమాధానం చెబుతుంది. తట్టలు మోసే రెజాలుగా ఉన్న మహిళా కూలీలకు 2000 దశకపు తొలినాళ్లలో టాటా స్టీల్ 'తేజస్విని' పేరుతో శిక్షణనిచ్చింది. వారు భారీ యంత్రాలు, వాహనాలు నడిపారు. కొరత సామర్థ్యానిది కాదు, దారిది.

సరిహద్దుకు ఆవల రాయ్‌రంగ్‌పూర్

జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింహభూమ్ జిల్లా సరిహద్దు దాటితే ఒడిశాలోని మయూర్‌భంజ్. అక్కడి చిన్న పట్టణం రాయ్‌రంగ్‌పూర్. నీటిపారుదల శాఖలో గుమస్తాగా, తర్వాత ఉపాధ్యాయురాలిగా పనిచేసిన ఒక సంతాల్ మహిళ 1997లో ఆ పట్టణంలో కౌన్సిలర్‌గా గెలిచారు. 74వ సవరణ అమల్లోకి వచ్చి అప్పటికి నాలుగేళ్లు. 2000, 2004 ఎన్నికల్లో ఆమె శాసనసభకు ఎన్నికయ్యారు, మంత్రి అయ్యారు. 2015లో ఝార్ఖండ్ గవర్నర్‌గా రాంచీకి వచ్చారు. 2022 జులై 25న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ద్రౌపదీ ముర్ము రాజకీయ జీవితంలో భర్త వారసత్వం లేదు, సానుభూతి ఓటు లేదు. ఉన్నది చిన్న పట్టణపు వార్డు.

ఆ వార్డు నేర్పిన స్వతంత్రత ఏమిటో గవర్నర్‌గా ఆమె తీసుకున్న నిర్ణయంలో కనిపించింది. ఆదివాసీ భూములకు రక్షణగా ఉన్న ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాలకు రఘుబర్ దాస్ ప్రభుత్వం సవరణలు చేయగా, 2017లో ఆమె ఆ బిల్లులను తిప్పి పంపారు. రఘుబర్ దాస్ జంషెడ్‌పూర్ తూర్పు శాసనసభ్యుడు, ఆమె ఒకప్పుడు పనిచేసిన పార్టీకే చెందిన ముఖ్యమంత్రి.

లోక్‌సభ నియోజకవర్గంలోని పోట్కాలో మేన్‌కా సర్దార్ ప్రస్థానం కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. ఎస్టీలకు కేటాయించిన ఆ స్థానం నుంచి 2000, 2009, 2014 ఎన్నికల్లో ఆమె భాజపా తరఫున గెలిచారు. మధ్యలో ఓడినా మళ్లీ నిలబడి గెలిచారు. 2024లో మాత్రం ఆ టికెట్ అర్జున్ ముండా భార్య మీరా ముండాకు దక్కింది. పోట్కా ఓటరు మోర్చా అభ్యర్థి సంజీవ్ సర్దార్‌ను ఎన్నుకున్నాడు. మూడుసార్లు గెలిచిన మహిళ అనుభవం కన్నా పెద్ద నేత ఇంటిపేరు బరువైనదని పార్టీ భావిస్తే, ఆ లెక్కకు ఓటరు కట్టుబడి ఉండడని ఈ ఫలితం చెప్పింది.

కోడళ్లు, కుమారులు

అదే 2024 శాసనసభ ఎన్నికల్లో జంషెడ్‌పూర్ తూర్పు నుంచి రఘుబర్ దాస్ కోడలు పూర్ణిమా దాస్ సాహు భాజపా అభ్యర్థిగా నిలిచారు. మామ అప్పటికి ఒడిశా గవర్నర్. 2019లో ముఖ్యమంత్రి హోదాలో ఇదే స్థానంలో ఆయన స్వతంత్ర అభ్యర్థి సరయూ రాయ్ చేతిలో ఓడిపోయారు. కోడలు మాత్రం కాంగ్రెస్ అభ్యర్థి, మాజీ ఎంపీ అజయ్ కుమార్‌పై 40 వేలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచి, ఆ ఓటమికి బదులు తీర్చారు. 81 స్థానాల సభకు ఈసారి 12 మంది మహిళలు ఎన్నికయ్యారు. వారిలో పూర్ణిమ ఒకరు. ఆభా, సుమన్‌లకు లేని వెసులుబాటు ఆమెకు ఒకటుంది. ఆమె శాసనసభతో మొదలుపెట్టారు. వీధివీధీ తిరిగి సొంత ఓటును కూడగట్టుకునేందుకు ఐదేళ్ల వ్యవధి ఉంది.

వారసత్వాన్ని మహిళలకు మాత్రమే అంటగట్టడం న్యాయం కాదు. 2025 ఆగస్టులో రాష్ట్ర విద్యామంత్రి రామ్‌దాస్ సోరెన్ మరణించడంతో నవంబరులో ఘాట్‌శిలాలో ఉప ఎన్నిక జరిగింది. బరిలో ప్రధాన ప్రత్యర్థులు ఇద్దరూ నేతల కుమారులే. మోర్చా తరఫున రామ్‌దాస్ కుమారుడు సోమేశ్ సోరెన్, భాజపా తరఫున మాజీ ముఖ్యమంత్రి చంపయీ సోరెన్ కుమారుడు బాబూలాల్ సోరెన్. సోమేశ్ గెలిచారు. కుమారుడు వస్తే వారసుడు అంటారు, భార్యో కోడలో వస్తే కీలుబొమ్మ అంటారు. పురుషుడికి వారసత్వం పలు దారుల్లో ఒకటి. కార్మిక సంఘం, విద్యార్థి రాజకీయం, కాంట్రాక్టులు, పార్టీ కార్యాలయం అతనికి ఇతర దారులు. జంషెడ్‌పూర్ మహిళకు చాలాకాలంగా అది దాదాపు ఏకైక దారి. అసలు తేడా అక్కడే ఉంది.

చట్టం వచ్చింది, మెట్టు ఎప్పుడు?

లోక్‌సభ, శాసనసభల్లో మూడింట ఒక వంతు స్థానాలను మహిళలకు కేటాయించే రాజ్యాంగ సవరణను 2023 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించింది. లోక్‌సభలో 454 మంది అనుకూలంగా ఓటు వేయగా ఇద్దరు వ్యతిరేకించారు. సెప్టెంబరు 28న ఆ బిల్లుపై ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి, రాయ్‌రంగ్‌పూర్ మాజీ కౌన్సిలర్ ద్రౌపదీ ముర్ము. చట్టం వచ్చాక జరిపే జనగణన, ఆపై నియోజకవర్గాల పునర్విభజన తర్వాతే రిజర్వేషన్ అమలవుతుందని ఆ సవరణ చెబుతోంది. 2024లో 543 మంది సభ్యుల లోక్‌సభకు ఎన్నికైన మహిళలు 74 మంది.

రిజర్వేషన్ అమలైన నాడు పార్టీలకు ఒక్కసారిగా వందల సంఖ్యలో మహిళా అభ్యర్థులు కావాలి. కౌన్సిలర్లుగా, సర్పంచులుగా, జిల్లా పరిషత్ సభ్యులుగా పని నేర్చుకున్న మహిళలు ఉన్న చోట పార్టీలకు ఎంచుకునే వీలుంటుంది. 2010లో ఝార్ఖండ్ పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలకు కేటాయించి ఎన్నికలు జరిపారు. జంషెడ్‌పూర్ చుట్టూ ఉన్న పల్లెల్లో ఆ విధంగా ఒక తరం సిద్ధమవుతోంది. నగరం మధ్యలో మాత్రం ఆ అవకాశం లేదు. అప్పుడు పార్టీలు మళ్లీ తొంగిచూసేది నేతల ఇళ్లలోకే.

ఆభా మహతో ఒక పారిశ్రామిక దిగ్గజాన్ని ఓడించారు. సుమన్ మహతో తీరని శోకంలోనూ ఎన్నికను ఎదుర్కొని గెలిచారు. ఇద్దరినీ ఓటరు ఆదరించాడు. అక్కరకు పార్టీలు వారిని పిలిచాయి, అక్కర తీరాక మరొకరిని వెతుక్కున్నాయి. సొంత పునాది వేసుకునే అవకాశం వారికి దక్కలేదు. రాబోయే రిజర్వేషన్‌లో జంషెడ్‌పూర్ మహిళా స్థానం అవుతుందా, కాదా అన్నది పునర్విభజన తేలుస్తుంది. ఆ నగరంలో ఇంటిపేరు అవసరం లేని మహిళ వార్డు స్థాయి నుంచి ఎదిగి ఆ స్థానానికి పోటీపడగలదా అన్నది మాత్రం పునర్విభజన తేల్చే విషయం కాదు. నగరానికి ఎన్నికైన పాలక మండలి కావాలా, వద్దా అన్న పాత ప్రశ్నకు ఝార్ఖండ్ ఇచ్చే సమాధానమే దాన్ని తేలుస్తుంది.